యంత్రం నెత్తిన ఆకుపచ్చ ప్యాకెట్

తెంగ్‌ఫా షిన్‌చూ ఊళ్లోని కంప్యూటర్ చిప్పుల కర్మాగారంలో యంత్రాలు బాగుచేస్తూ తల నెరిపించుకున్నవాడు. అక్కడ ప్రతి యంత్రం నెత్తినా ఒక ఆకుపచ్చ ప్యాకెట్ ఉండేది. కొబ్బరి రుచి మొక్కజొన్న చిరుతిండి అది. దాని పేరుకు అర్థమే బుద్ధిగా ఉండమని; అది నెత్తినుంటే యంత్రం మొరాయించదని అందరి నమ్మకం. రంగు ఆకుపచ్చే కావాలి, గడువు దాటకూడదు, ఎవరూ తినకూడదు. పెద్ద పెద్ద ఇంజనీర్లే ఆ కట్టుబాటు తప్పేవారు కాదు. ఇక తెంగ్‌ఫా సంగతి చెప్పాలా? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

అతను రిటైరైన ఏడాదే భార్య మేయిన్‌కు మతిమరుపు జబ్బు మొదలైంది. పొయ్యి మీద గిన్నె మరిచిపోయేది, బజారుకెళ్తే ఇంటి దారి మరిచిపోయేది. ఒక్క ఆట దగ్గర మాత్రం పాత మేయిన్ అయిపోయేది. కావ్‌షియుంగ్‌లో ఉన్న చెల్లెలు బీశ్యాతో కలిసి, ఎవరింట్లో వాళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని, గుర్రాలెక్కి కొండలు తిరిగే ఆట. హెడ్‌ఫోన్లలో అక్కచెల్లెళ్ల కబుర్లకు అంతుండేది కాదు.

“ఆట మాత్రం మాన్పించకండి. అది ఉన్నంతకాలం ఆవిడ మీకు మిగులుతుంది,” అన్నాడు డాక్టరు.

అందుకే పాత కంప్యూటర్ మూలపడగానే, తెంగ్‌ఫా విడిభాగాలు తెచ్చి కొత్తది తానే బిగించాడు. ఆఖరి మరమేకు బిగించాక, ఒక ఆకుపచ్చ ప్యాకెట్‌ను రెండు చేతులతో దాని నెత్తిన పెట్టాడు.

ఆట మొదలైన కాసేపటికే గుర్రం బిగుసుకుపోయింది. తెర నల్లబడింది.

“ఏం నొక్కావే?”

“ఏం నొక్కలేదయ్యా. గుర్రం ఎక్కానంతే.”

“నొక్కకుండానే దానంతటది పోతుందా?”

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మెమరీ మార్చాడు, ఆటను తీసేసి మళ్లీ ఎక్కించాడు. ప్యాకెట్ ఒకటి చాలలేదేమోనని రెండోది పెట్టాడు, తరవాత మూడోది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ప్రతిసారీ నింద మాత్రం మేయిన్ చేతుల మీదే.

ఒకరోజు కొత్త పవర్ సప్లై కొనడానికి బజారుకెళ్లి వచ్చేసరికి, మెట్ల దాకా మేయిన్ నవ్వు వినిపిస్తోంది. తెర మీద గుర్రం పరుగెడుతోంది. మూడు ప్యాకెట్లూ ఆమె ఒడిలో ఉన్నాయి. ఒకటి విప్పి తింటోంది.

“మతి పోయిందా? దాన్ని తింటారుటే ఎవరైనా! ఇందుకే కదా ఇది చెడిపోతోంది! ఇంకోసారి ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా!”

హెడ్‌ఫోన్లలోంచి బీశ్యా అరిచింది. “బావా, అక్కనేం అనకు! ఇవాళ ఒక్కసారి కూడా ఆగలేదు, తెలుసా?”

ఆ మాట వింటే బాగుండేది. వినలేదు. కొత్త ప్యాకెట్లు తెచ్చి యథాస్థానంలో పేర్చాడు. అరగంట తిరక్కుండా తెర నల్లబడింది.

“చూశావా నువ్వు చేసిన పని?” అన్నాడు. మేయిన్ లేచి వెళ్లిపోయింది. మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు. కబుర్లూ తగ్గిపోయాయి.

ఆమె లేకపోయినా అతను పంతం వదల్లేదు. రోజూ తానే ఆట నడిపి చూసేవాడు, ఆగిపోయేది. కొన్ని నెలలకు, ఒక మధ్యాహ్నం గడువు దాటిన ప్యాకెట్లు మార్చబోయాడు. అడుగున చెయ్యి చురుక్కుమంది. తీయగానే కంప్యూటర్ పెట్టెలోంచి వేడిగాలి అరచేతికి కొట్టింది. కర్మాగారంలో యంత్రాల పైభాగం మూసిన ఇనుపరేకు. ఈ పెట్టె పైనంతా గాలి రంధ్రాలు. లోపలి వేడి బయటికి పోకుండా, బుద్ధిగా ఉండమంటూ దాని ముక్కూ నోరూ మూసింది తనే. ఆమె ప్యాకెట్లు దించుకున్న రోజు ఆట ఎందుకు ఆగలేదో అప్పుడు అర్థమైంది. తల బాదుకుని ఏడ్చాడు.

ప్యాకెట్లు లేకుండా నడిపితే, సాయంత్రం దాకా ఆట ఆగలేదు. బీశ్యాకు ఫోన్ చేసి ఆటలోకి రమ్మన్నాడు. మేయిన్‌ను చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాడు. తెర మీద చెల్లెలి గుర్రం పక్కనే అక్క గుర్రం నిలబడి ఉంది.

“తప్పు నాదేనే, మేయిన్. నువ్వేం చెడగొట్టలేదు. ఆడవే.”

మేయిన్ రెండు చేతులూ తొడల కింద దాచుకుంది. జరిగినదేదీ ఆమెకు గుర్తులేదు, భయం ఒక్కటే గుర్తుంది. అతని ముఖంలోకి పరాయివాణ్ణి చూసినట్టు మర్యాదగా చూసింది.

“వద్దండీ. నేను ముట్టుకుంటే మా ఆయన కేకలేస్తాడు. మీరు కూడా ముట్టుకోకండి,” అంది మెల్లిగా. “ఆయన వచ్చే వేళయింది.”