శుభలేఖల వెనక రాసుకున్న చదువు

నా చేతిరాత బాగుంటుంది. నాలో చెప్పుకోదగ్గ గుణాలు పెద్దగా లేవు కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువే గర్వపడుతూ వచ్చాను. స్టీల్ ప్లాంటులో పంపుహౌస్ ఆపరేటర్‌ని. షిఫ్టులో పంపులు ఎలా నడిచాయో లాగ్ బుక్కులో రాయడం నా పనిలో భాగం. నా పేజీలో కొట్టివేత కనపడదు. నా తరవాతి షిఫ్టుకి వచ్చే బావ (చుట్టరికమేమీ లేదు, ఇక్కడ అందరికీ అందరూ బావలే) ఆ పుస్తకం చూసి, "దీనికి దండేసి అగరొత్తి ఎలిగించీవచ్చు బావ. సదవడానికి మాత్రం ఎవుడూ సదవడు" అనేవాడు. మొదటి మాటకి పొంగిపోయేవాణ్ణి. రెండోది చెవిన పెట్టేవాణ్ణి కాదు.

మా అమ్మాయి రాత కోడిగీతలు. మేముండేది కూర్మన్నపాలెంలో, ఆమె ఇంజనీరింగ్ కాలేజీ మధురవాడ దాటాక. ఊరికి ఈ చివర ఇల్లు, ఆ చివర చదువు. తిరుగు బస్సులో సీటు దొరికిన రోజున ఏదో రాసుకుంటూ వచ్చేది. నోట్‌బుక్కులో కాదు, ఇంటికొచ్చిన పెళ్లి శుభలేఖల వెనక. బస్సు బ్రేకు వేసినప్పుడల్లా అక్షరం అంచుదాకా జారిపోయేది. మధ్యలో ఖాళీలు, బాణాలు, ప్రశ్నార్థకాలు. ఆ అట్టముక్కలు టేబుల్ మీద, ఫ్రిజ్ మీద, ఒక్కోసారి నా లంచ్ బాక్స్ సంచిలో కూడా దొరికేవి.

ఆమె ఫ్లూయిడ్ మెకానిక్స్ తప్పింది. సప్లిమెంటరీ పరీక్ష దగ్గరికొచ్చింది. అది గట్టెక్కకపోతే కాలేజీకొచ్చే కంపెనీల ఇంటర్వ్యూలకి కూర్చోనివ్వరు. ఆ ఇంటర్వ్యూల మీద ఆమె ఎంత ఆశ పెట్టుకుందో ఇంట్లో అందరికీ తెలుసు. తప్పడానికి కారణం ఆ కోడిగీతలేనని నేను తీర్పు చెప్పేశాను. ఆమెని అడిగింది లేదు.

సరిగ్గా అప్పుడే ప్లాంటులో హౌస్‌కీపింగ్ వారం వచ్చింది. పనికొచ్చే ప్రతి వస్తువుకీ ఒక చోటుండాలి, చోటు లేనిది స్క్రాప్ యార్డుకి పోవాలి. పంపుహౌస్‌లో అది మంచి నియమం. నేను దాన్ని ఇంటికి మోసుకొచ్చాను.

ఆ వారాంతం అమ్మాయి హాల్ టికెట్ కోసం వెళ్లి, హాస్టల్లో స్నేహితురాలి దగ్గర ఆగిపోయింది. నాకు సెలవు. కొత్త లాంగ్ బుక్కు, స్కేలు, మూడు రంగుల పెన్నులు ముందేసుకుని కూర్చున్నాను.

"దాని కాయితాలు మీకెందుకండి? వచ్చాక అడిగి ముట్టుకోండి" అంది మా ఆవిడ.

"నీకు తెలీదు. వచ్చి నన్నే మెచ్చుకుంటాది, సూడు."

శుభలేఖల్ని ఒక వరసలో పేర్చి, వాటిలో ఉన్నదంతా లాంగ్ బుక్కులోకి ఎక్కించాను. హెడ్డింగులు ఎరుపు, సూత్రాలు నీలం. ఆమె వదిలేసిన ఖాళీల్ని పాఠ్యపుస్తకం చూసి నింపాను. ఆ పని చేసినంతసేపూ ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా చదువుకున్నంత తృప్తి కలిగింది. చివరికి శుభలేఖలన్నీ పాత పేపర్ల బండికి వేసేశాను.

అమ్మాయి వచ్చి లాంగ్ బుక్కు తెరిచి, "అబ్బ, నాన్నా! అచ్చేసినట్టుంది" అంది. నాలుగు పేజీలు తిప్పి తలెత్తింది. "మరి నా కాయితాలేవి?"

"అన్నీ ఇందులోకి ఎక్కించీసాను కదమ్మా. నువ్వొదిలీసిన ఖాళీలు కూడా నింపీసాను."

"ఖాళీలు నింపీసావా?"

ఆ గొంతు విని మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది.

"నాన్నా, బస్సులో నాను పుస్తకం మూసీసి రాత్తాను. క్లాసులో ఏటి సెప్పారో గుర్తొచ్చినంత రాసి, రాని సోట ఖాళీ వదిలీస్తాను. పోయినసారి నీలాగే అన్నీ నీటుగా ఎక్కించుకున్నాను, తప్పాను. ఈసారి ఆ ఖాళీలే నా సిలబస్సు. ఇప్పుడిందులో నాకు వచ్చిందేదో, రానిదేదో ఎలా తెలుస్తాది? అంతా ఒకేలాగ మెరిసిపోతంది."

"హౌస్‌కీపింగ్ అయిపోనాదా అండి?" అంది మా ఆవిడ.

స్కూటర్ తీసి ఆ బండివాడు సరుకు వేసే పాత సామాన్ల షాపుకి పరిగెత్తాను. "ఆ లోడు మద్దేనమే ఎల్లిపోనాది సార్. ఇంటర్ పుస్తకాలున్నాయి, అట్టలు కూడా సినగలేదు. పట్టుకెల్తారా?" అన్నాడు షాపతను. ఉత్త చేతుల్తో ఇంటికొచ్చి, తప్పు నాదేనని అమ్మాయితో చెప్పాను. ఆమె అరిచి ఉంటే బాగుండేది. "పోనీలే నాన్నా" అని ఆ లాంగ్ బుక్కే ముందేసుకుని చదవబోయింది. కాసేపటికి ఆవులించింది.

మర్నాడు షిఫ్టు దిగుతూ బావకి ఛార్జి అప్పగిస్తుంటే నా మొహం చూసి, "ఏటయినాది బావ, లాగ్ బుక్కులో కొట్టివేత పడిందా?" అన్నాడు. సంగతంతా చెప్పాను. పడీపడీ నవ్వాడు.

"నీకు ఇన్నేళ్ల సర్వీసెందుకు బావ! మనం ఛార్జి ఇచ్చుకునేటప్పుడు బుక్కు సూత్తామేటి? నువ్వు నోటితో సెప్తావ్, నాను తిక్క ప్రశ్నలేత్తాను. నువ్వెక్కడ నీళ్లు నములుతావో అక్కడికే కదా నాను టార్చి పట్టుకెళ్లేది? పాపని కూడా అలాగే అడుగు. పోయిన ఖాళీలన్నీ వాటంతటవే బయటికొత్తాయి."

ఆ సాయంత్రం మేడ మీద చాప పరిచాం. మా ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ ఒక పక్క కూర్చుంది. నేను ప్లాంటు హెల్మెట్ పెట్టుకుని అమ్మాయి ఎదురుగా నిలబడ్డాను.

"షిఫ్టు దిగుతన్న ఆపరేటరు గారూ, నాకు ఛార్జి ఇయ్యండి. పంపులో కేవిటేషనంటే ఏటి?"

పొట్ట పట్టుకుని నవ్వి, పుస్తకం నా చేతికిచ్చి మొదలుపెట్టింది. "పంపులోకి నీళ్లొచ్చే చోట ప్రెజరు బాగా పడిపోయిందనుకో. నీళ్లు చల్లగా ఉన్నా అక్కడికక్కడే ఆవిరి బుడగలైపోతాయి. అవి ప్రెజరు ఎక్కువున్న చోటికి రాగానే టప్ టప్ మని చితికిపోతాయి. ఆ దెబ్బలకి లోపల తిరిగే చక్రం గుంటలు పడిపోతాది."

"ఆగు. గులకరాళ్లు పోసినట్టు శబ్దం వస్తాదా?"

"అదే! నీకెలా తెలుసు?"

శబ్దం తెలుసు. ఎన్నోసార్లు విన్నాను. "శబ్దం వచ్చుచున్నది" అని గుండ్రటి అక్షరాలతో రాసి, మెకానికల్ వాళ్లకి ఫోన్ చేసి ఊరుకున్నాను. ఎందుకు వస్తోందని ఒక్కసారీ అడగలేదు. రాసేస్తే నా పని అయిపోయిందనుకున్నాను. హెల్మెట్ కింద మొహం వేడెక్కింది. అయినా ఆ బుడగలు అర్థమైన సంతోషం ఆ సిగ్గుని కూడా మింగేసింది. మళ్లీ చెప్పించుకున్నాను.

"మరి కుక్కర్లో?" అంది మా ఆవిడ, చిక్కుడుకాయ విరుస్తూ. "అందులో ప్రెజరు ఎక్కువ కదా. అప్పుడు నీళ్లు మరగడానికి ఇంకా వేడి కావాలా?"

"అమ్మా! నువ్వు పరీక్ష రాసీ, నాను సిక్కుళ్లు ఒలుస్తాను" అంది అమ్మాయి. కుక్కర్లో జరిగేదీ ఈ సంగతేనట, తిరగేసి చూడాలట.

రోజూ అలాగే నడిచింది. ఆమె చెప్పేది, నేను ఛార్జి తీసుకోవడానికొచ్చిన రిలీవరులా అడ్డం పడేవాణ్ణి. "ఎందుకలాగ?" "ఆ వాల్వు మూసీస్తే?" ఆమె నీళ్లు నమిలిన చోట మా ఆవిడ, "దొరికింది! పట్టండి!" అని కేకేసి బీరువాలో మిగిలిన పాత శుభలేఖల్లోంచి ఒకటి తెచ్చి ఇచ్చేది. అమ్మాయి దాని వెనక ఆ ప్రశ్న రాసి, కింద ఖాళీ వదిలేది. తరవాత కూర్చుని దాని సంగతి తేల్చేది. జవాబు సరిచూసుకోవడానికి నా లాంగ్ బుక్కే తెరిచేది. అదొక్కందుకు అది పనికొచ్చింది. నాకది చాలు.

పరీక్ష రోజు నాకు జనరల్ షిఫ్టు. సాయంత్రం కూర్మన్నపాలెం జంక్షన్లో స్కూటర్ ఆపుకుని నిలబడ్డాను. బస్సులోంచి అందరూ దిగాక ఆమె దిగింది, చేతిలో శుభలేఖ, నోట్లో పెన్ను మూత.

"ఎలా రాసావమ్మా?"

"ఉండు నాన్నా" అని నా స్కూటర్ సీటు మీదే అట్ట పెట్టి ఇంకో లైను రాసింది. బస్సులో కూర్చుని ప్రశ్నపత్రమంతా జవాబులతో సహా గుర్తు తెచ్చుకుందట. నా చేతికిచ్చింది. కోడిగీతలు. అడుగున ఒకే ఒక్క ఖాళీ.

"ఇదొక్కటీ రాలేదు. మిగతాదంతా రాసీసాను. కేవిటేషన్ వచ్చింది నాన్నా! గులకరాళ్ల శబ్దం కూడా రాసీసాను."

ఇద్దరం బజ్జీల బండి దగ్గర నిలబడి, నోరు కాలుతున్నా ఆగకుండా తిన్నాం.

పాసైంది. వచ్చే నెల నుంచి ఇంటర్వ్యూలకి కూర్చుంటుంది. ఆమె టేబుల్ మీద మళ్లీ అట్టముక్కలు పేరుకున్నాయి. తుడవాల్సి వస్తే నేను వాటి చుట్టూ తుడుస్తాను. లాగ్ బుక్కులో శబ్దం గురించి రాసినప్పుడు ఇప్పుడు పక్కన "ఎందుకో కనుక్కోవాలి" అని రాస్తున్నాను. బావ అది మాత్రం చదువుతున్నాడు.

నిన్న పద్మనాభం ఊరి నుంచి మా వాళ్లొచ్చి శుభలేఖ ఇచ్చి వెళ్లారు. కవరు విప్పి వెంటనే వెనక్కి తిప్పాను. రెండు వైపులా అచ్చే. "ఏటిది, వెనక కాస్త జాగా కూడా వదల్లేదు" అని విసుక్కున్నాను.

"అది సరే గానీ, పెళ్లెవరిదండి?" అంది మా ఆవిడ.

చూడలేదు.