పక్క సీటు జవాబు

పెళ్ళయిన కొత్తలో మా ఆయనకు కాస్త తిక్క ఉందేమోనని అనుమానపడ్డాను. విజయవాడలో స్కూటరు మీద వెళ్తుంటే, కూడలి దగ్గర సిగ్నలు కంటపడగానే ఎడమచెయ్యి ఎత్తి చూపించి "గ్రీన్" అని గట్టిగా అనేవారు. అని ఊరుకునేవారు కాదు. వెనక కూర్చున్న నేను ఏమీ అనకపోతే స్కూటరు నెమ్మదయ్యేది.

"ఏమోయ్, నీకేం కనపడుతోందో చెప్పు."

"గ్రీనేనండీ. నాకూ ఉన్నాయి కళ్ళు."

అప్పటికిగానీ బండి ఊపందుకునేది కాదు.

ఆయన రైల్వేలో డ్రైవరు. ఇంజన్లో ఇద్దరుంటారు, డ్రైవరూ అసిస్టెంటూ. సిగ్నలు కనపడగానే ఒకరు దాని రంగు పైకి చెప్పాలి, రెండోవారు తామూ చూసి చెప్పాలి. రెండు మాటలూ కలిస్తే సరే. కలవకపోతే రెండింటిలో ఏది ప్రమాదమో అదే నిజమనుకుని బండి ఆపాలి. గంటల తరబడి కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చునే మనుషుల్లో ఒకరి పొరపాటు ఇంకొకరి కంటపడేలా పెట్టిన పద్ధతి అది. పద్ధతి మంచిదే. డ్యూటీలో చేసేది ఇంటికి మోసుకొస్తేనే నాకు చిర్రెత్తుకొచ్చేది. నన్ను పెళ్ళి చేసుకున్నారా, అసిస్టెంటుగా వేసుకున్నారా అని దెబ్బలాడేదాన్ని. ఏళ్ళు గడిచేసరికి నాకూ ఆ జబ్బు అంటుకుంది. ఆటోలో వెళ్తున్నా నోట్లోంచి "రెడ్" అని వచ్చేసేది. ఆటోడ్రైవరు వెనక్కి తిరిగి వింతగా చూసేవాడు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో నాకు న్యూజిలాండ్‌లో, పామర్‌స్టన్ నార్త్‌లోని ఒక దూరవిద్యా సంస్థలో ఉద్యోగం వచ్చింది. ఎవరో రాసిన పాఠాన్ని, ఎక్కడో ఒంటరిగా కూర్చుని చదువుకునేవాడికి అర్థమయ్యేలా తిరగరాయడం నా పని. ఆయన అప్పటికి కొత్త డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే ఇన్‌స్ట్రక్టరు. నా కోసం, పిల్ల చదువు కోసం ఆ ఉద్యోగం వదులుకుని వచ్చారు. ఆ మాట ఏనాడూ దెప్పలేదు. దెప్పినా బాగుండేదేమో, దెబ్బలాడి తేల్చుకునేదాన్ని.

ఇక్కడ కొరియర్ వ్యాన్ నడిపారు. ఊరంతా బల్లపరుపుగా ఉంటుంది, ఎప్పుడూ గాలి. వ్యాన్‌లో పక్క సీటు ఖాళీ. తనే రంగు చెప్పుకుని తనే జవాబిచ్చుకునేవారట. "ఒక్కడే రెండుసార్లు చెప్తే అది ఒకసారి చెప్పినట్టే లెక్కోయ్" అని ఇంటికొచ్చి గొణిగేవారు. అందుకేనేమో శనివారాలు కూరగాయలకు వెళ్ళేటప్పుడు కారులో నేను పక్కనుంటే ఆయన గొంతు హుషారుగా ఉండేది. వెనక సీట్లో మా అమ్మాయి, "మామ్, డాడ్, ప్లీజ్ స్టాప్ ఇట్. ఎవరైనా వింటారు" అని హెడ్‌ఫోన్లు పెట్టేసుకునేది.

అలా ఉండగా మా సంస్థకు యూరప్ నుంచి ఒక పని వచ్చింది. అక్కడి రైళ్ళు ఒక దేశంలో బయల్దేరి ఇంకో దేశంలో ఆగుతాయి. సరిహద్దు దాటితే సిగ్నళ్ళ తీరు మారుతుంది, భాష మారుతుంది, నియమాలు మారతాయి. అందుకని కొన్ని విశ్వవిద్యాలయాలూ రైల్వే శిక్షణ కేంద్రాలూ కలిసి, డ్రైవర్లూ, అప్పుడప్పుడూ వాళ్ళ పక్కన ఎక్కి పని చూసే సూపర్‌వైజర్లూ ఉద్యోగం చేస్తూనే చదువుకునే డిప్లొమా ఒకటి తయారు చెయ్యాలనుకున్నాయి. దూరవిద్యలో చెయ్యి తిరిగినవాళ్ళం కాబట్టి పాఠాలు తీర్చిదిద్దే పని మాకు అప్పజెప్పారు. అవతలి వైపు అంతా చూసుకునేది ఒక ప్రొఫెసరమ్మ. మంచి మనిషి, చదువుల పుట్ట. కానీ మనుషులు చేసే పొరపాట్ల గురించి ఆమె పంపిన అధ్యాయం చదువుతుంటే నాకు ఆవలింతలు ఆగలేదు. అందులో మెదడు ఉంది, దృష్టి ఉంది, అలసట ఉంది. డ్రైవరు మాత్రం లేడు.

ఫోన్లో ఆమెతో అన్నాను. "మా ఇంట్లో ఒకాయన ఉన్నారు. మాట్లాడతారా?"

మాకు సాయంత్రం, వాళ్ళకు పొద్దున. ఆమె ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టి వంటింటి బల్ల మీద ఉంచాను. ఆయన నమస్కారం కూడా సరిగ్గా పెట్టకుండా అడిగేశారు.

"మేడమ్, మీ ఇంజన్లో డ్రైవర్ ఒక్కడే కదా. సిగ్నల్ ఎవరికి చెప్తాడు?"

ఆమె నవ్వి, "మా దగ్గర లేని పాఠం అదే" అంది. అన్నం చల్లారిపోయేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. నెల తిరక్కుండానే ఆయన ఆ కోర్సుకు సలహాదారు అయ్యారు. వ్యాన్ నడపడం సగానికి తగ్గించి, మిగతా సగం పాఠాలు రాయడం మొదలుపెట్టారు.

ఆయన ఇంగ్లీషు రైల్వే ఇంగ్లీషు. ప్రతి వాక్యం స్టేషన్‌మాస్టరు ఇచ్చిన ఆర్డరులా ఉండేది. దాన్ని సరిచెయ్యాల్సింది నేను. భోజనాల బల్ల దగ్గర మేము పడిన గొడవలు ఇన్నీ అన్నీ కావు. ఆయన పాఠంలో మొదటి మాట ఇది: "మీకు కనపడిందే చెప్పండి. పక్కవాడు చెప్పింది తిరిగి చెప్పడం జవాబు కాదు." మరీ కరుకుగా ఉందని నేను దానికి ముందు 'వీలైనంతవరకు' అని చేర్చాను.

"వీలైనంతవరకు ఏమిటి? కనపడితే చెప్పాలి. కనపడకపోతే నోరు మూసుకోవాలి. మధ్యలో ఇంకోటి లేదు."

"అలా గద్దిస్తే ఎవరు చదువుతారండీ?"

"చదివేవాడు బతకాలనుకుంటే చదువుతాడు."

ఆ వాక్యం దగ్గర ససేమిరా అన్నారు. చివరికి నేనే నా మాట కొట్టేశాను. ఆయన రాసింది బాగుందని లోపల నాకూ తెలుసు.

అది చదివిన ప్రొఫెసరమ్మ ఇంకో ప్రతిపాదన తెచ్చింది. వాళ్ళకు ఎండాకాలం రాగానే ఆయన యూరప్ రావాలి. కొన్ని వారాల పాటు అక్కడి ఇంజన్లలో డ్రైవరు పక్కన నిలబడి ప్రయాణం చెయ్యాలి. ఇద్దరూ సిగ్నళ్ళు చెప్పుకోవడం వీడియో తీస్తారు. తర్వాత అక్కడి సూపర్‌వైజర్లకు ఆయనే తరగతులు చెప్పాలి. ఆయన సంతోషం బయటికి కనపడనిచ్చే మనిషి కాదు. "చూద్దాం లెండి, మేడమ్" అని ఫోన్ పెట్టేసి గరాజులోకి వెళ్ళారు. ఎంతకీ రాకపోతే వెళ్ళి చూశాను. ఇండియా నుంచి తెచ్చుకున్న పాత డ్యూటీ బూట్లు పెట్టెలోంచి తీసి పాలిష్ చేస్తున్నారు.

"మళ్ళీ ఇంజన్ ఎక్కుతానోయ్" అన్నారు తలెత్తకుండా.

నా ఉద్యోగం కోసం పోగొట్టుకున్నది నా ఉద్యోగం వల్లే తిరిగి వస్తోంది. ఆ రోజు నాకు ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేను. ఫ్రిజ్ తలుపు మీద యూరప్ మ్యాపు అంటించాను. రోజూ కాఫీ తాగుతూ దాని ముందు నిలబడేవారు. ఆ మధ్య మ్యాపుకు మరీ దగ్గరగా, ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడుతున్నారు. ముచ్చట పడుతున్నారనుకున్నాను.

కారులో కూడా సిగ్నలు దూరం నుంచే చెప్పే మనిషి బాగా దగ్గరికొచ్చాక చెప్పడం మొదలుపెట్టారు. "ఏమండీ, ఎక్స్‌ప్రెస్ కాస్తా ప్యాసింజర్ అయిపోయిందే" అని ఆటపట్టించాను. నవ్వారు. షుగర్ ఎప్పటినుంచో ఉంది, మాత్రలు వేసుకుంటున్నారు. రెండు పనులు చేస్తున్నారు కదా, అలసటేమో అనుకున్నాను.

ఒక శనివారం మధ్యాహ్నం కూరగాయలు కొనుక్కుని వస్తున్నాం. కూడలి దగ్గరపడింది. ఆయన చెయ్యి ఎత్తి "గ్రీన్" అన్నారు. అలవాటుగా నోరు తెరుస్తూ తలెత్తాను. ఎదురుగా ఎర్రగా వెలుగుతోంది.

"రెడ్" అన్నాను.

అంతే, బ్రేకు మీద నిలబడ్డారు. వెనక సంచీలోంచి ఉల్లిపాయలు దొర్లి మా అమ్మాయి కాళ్ళ మీద పడ్డాయి. కారు గీత దగ్గరే ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. సిగ్నలు మారినా ఆయన కదల్లేదు. వెనక కారు హారన్ కొట్టింది. ఈ ఊళ్ళో హారన్ కొట్టడమంటే తిట్టడంతో సమానం.

"ఇప్పుడేముంది?" అన్నారు.

"గ్రీన్."

మెల్లగా కూడలి దాటించి, రోడ్డు పక్కకు తీసి ఇంజన్ ఆపేశారు.

"మనిద్దరి మాటా ఎప్పుడన్నా తేడా వచ్చిందా?"

"ఎండ కళ్ళల్లో పడుంటుందండీ."

"మబ్బు పట్టింది కదోయ్."

ఆయన దిగి, కారు చుట్టూ తిరిగి నా వైపు వచ్చి, తలుపు తీసి తాళాలు నా చేతిలో పెట్టారు. మా అమ్మాయి హెడ్‌ఫోన్లు తీసి "వాట్ హ్యాపెండ్?" అంది. నేను దిగి అటు సీట్లోకి వెళ్ళాను.

షుగర్ కంటి వెనక పొరను తినేస్తోందని ఆసుపత్రిలో చెప్పారు. లేజర్‌తో ఇంకా పాడవకుండా ఆపగలమేమో గాని, పోయిన చూపు రాదన్నారు. రంగులు ఇంకా వెలిసిపోతాయి, డ్రైవింగ్ ఇక వద్దన్నారు. ఆయన డాక్టరుకు థాంక్స్ చెప్పి లేచారు.

నేను మొండిఘటాన్ని. యూరప్ ప్రయాణం మాత్రం మానొద్దని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. నడిపేది ఆయన కాదు, పక్కన నిలబడడమే కదా. సంగతి చెప్తే ప్రొఫెసరమ్మ కూడా, మీ అనుభవం చాలు, రండి అంది.

"మీకు కనపడుతోందా లేదా అని అక్కడ ఎవరడుగుతారండీ?" అన్నాను.

"పక్కన నిలబడేది ఎందుకు? చూడ్డానికి. నేను నిలబడితే ఆ డ్రైవరు నన్ను నమ్ముకుంటాడు. ఒక్కడే ఉంటే కనీసం భయంతోనన్నా జాగ్రత్తగా ఉంటాడు."

"పోనీ, అతను చెప్పిందే మీరూ చెప్పండి. వీడియో కోసమే కదా!"

ఆయన నా వంక చూశారు. చూశారనే అనుకుంటున్నాను. కోప్పడలేదు.

"నువ్వేనా ఆ మాట అనేది? ఆ పాఠం దిద్దింది నువ్వు కాదూ?"

వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఆయన మీద కోపం, ఆ నియమం మీద కోపం, దాన్ని చక్కటి ఇంగ్లీషులో పెట్టిన నా చేతుల మీద కోపం. బూట్లు మళ్ళీ పెట్టెలోకి వెళ్ళాయి. మ్యాపు నేనే తీసేశాను.

అక్కడే ఇంకెవరితోనో వీడియో తీశారు. కోర్సు మొదలైంది. ఆయన పాఠం అక్షరం మారకుండా అందులో ఉంది. వీడియో సీడీ వస్తే టీవీలో పెట్టాను. ఆయన తెరకు జానెడు దూరంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కుర్ర డ్రైవరొకడు వాళ్ళ భాషలో సిగ్నలు చెప్తుంటే పక్కనున్నవాడు జవాబిస్తున్నాడు. తెర మీద పట్టాలు తళతళలాడుతున్నాయి. ఆయన చెవి ఒగ్గి చివరిదాకా విన్నారు. "గొంతులో అనుమానం లేదు, బాగా చెప్పాడు" అని లేచి తోటలోకి వెళ్ళిపోయారు. నేను వెనకే వెళ్ళలేదు. వెళ్తే ఇద్దరం ఏడుస్తామని తెలుసు.

అప్పటినుంచి కారు నేనే నడుపుతున్నాను, ఆయన పక్క సీటులో. మొదటిరోజు సిగ్నలు కనపడగానే నేనే చెయ్యి ఎత్తి "గ్రీన్" అన్నాను. జవాబు లేదు. వినపడలేదేమోనని తర్వాతి దాని దగ్గర గట్టిగా అన్నాను. లేదు. రోజులు గడిచినా అంతే. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"గ్రీన్ అని ఒక్క మాటంటే మీ సొమ్మేం పోయిందండీ?"

"కనపడలేదు కదోయ్" అన్నారు.

అంత పెద్ద ఇంజన్లను నడిపిన మనిషి, నా పక్కన నోరు మూసుకుని తన పాఠం తనే పాటిస్తూ కూర్చున్నారు. ఆ నిశ్శబ్దం భరించలేక నేనే చెప్పడం మానేశాను. చెప్పకపోతే జవాబు కోసం ఎదురుచూడక్కర్లేదు అనుకున్నాను.

కొన్నాళ్ళకు, ఒక ఉదయం లేజర్ కోసం ఆసుపత్రికి వెళ్తున్నాం. సన్నగా వాన. కొరియర్ వ్యాన్ నడిపిన మనిషి కదా, ఈ ఊరి రోడ్లన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఒక కూడలి దాటి కొంత దూరం వెళ్ళాక నా వైపు తల తిప్పారు.

"ఇందాక సిగ్నలు దాటాం కదూ?"

"దాటామండీ."

"ఏముంది?"

ఇన్నాళ్ళూ ఆయన ప్రతి సిగ్నలు దగ్గరా నా గొంతు కోసం చూశారని, నేను మానేశాక కూడా చూస్తూనే ఉన్నారని అప్పుడు తెలిసింది.

"గ్రీన్ అండీ" అన్నాను.

ఆయన ముందుకు తిరిగి కూర్చున్నారు. తర్వాతి కూడలి దూరం నుంచే కనపడింది. స్టీరింగ్ మీది నుంచి ఒక చెయ్యి తీసి, ఎత్తి చూపించి, వాన చప్పుడుకు మించి "గ్రీన్" అన్నాను. పక్క సీటులోంచి జవాబు రాలేదు. జవాబుకు పట్టేంతసేపు ఆగి, కారు ముందుకు పోనిచ్చాను.