కళ్లద్దాలు లేని డాక్టరు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను కోతలు కోసే మనిషిని. మా కావలిలో నాలుగు చినుకులు పడితే తుఫాను అంటాను. ఇందులోనూ ఒక అబద్ధం ఉంది. యాడుందో చివర్లో చెబుతాను.

మా అక్క మా ఎదురింట్లోనే ఉండేది. బావ పోయినాక ఆమెకు తోడు టీవీలో వచ్చే ఆసుపత్రి సీరియలే. అందులో వారానికో రోగం చూపించేవాళ్లు. తెల్లారేసరికి ఆ రోగం మా వీధిలో నలభై మందికి అంటుకునేది. పాలాయన గోళ్లు చూసి "నీకు రక్తం చాల్దు నాయనా" అనేది. పూలమ్మే ఆమె మెడ తడిమి థైరాయిడ్ అని తేల్చింది. పరీక్ష చేయిస్తే నిజంగానే ఉంది. ఆ రోజు నుంచి అక్క నడకే మారిపోయింది.

ఆ సీరియల్లో పెద్ద డాక్టరు కళ్లద్దాలు తీసినాడంటే రోగి పోయినట్టే. ఆయన చెయ్యి పైకి లేస్తే చాలు, అక్క "తీయబాకయ్యా, తీయబాక" అని టీవీని బతిమాలేది.

ఒక రోజు పొద్దున్నే వచ్చి మా వరండాలో కూలబడింది. చెయ్యి దవడ మీద ఉంది.

"దవడ లాగతా ఉందిరా. భుజంలోకి దిగతా ఉంది. ఒకటే చెమటలు."

నేను పేపరు దించలేదు. "రాత్రి ఏం రోగం చూపించినారు?"

"రాత్రి చూళ్లేదురా. కరెంటు యాడుంది?"

"అయితే కథ సొంతంగా అల్లినావన్నమాట. ఇంకో నాలుగు వారాలు లాగు."

అక్క పకపకా నవ్వింది. "నీ నోట్లో మన్ను పడ" అని లేచి ఇంటికి పోయింది.

పదకొండింటికి చేపల పులుసు ఇద్దామని పోతే వంటింట్లో పడుంది. అంబులెన్సులో నెల్లూరు తీసుకుపోయినాం.

లోపల్నుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చినాడు. ఆయనకు కళ్లద్దాలు లేవు. ముఖమంతా వెదికినాను, చొక్కా జేబు కూడా చూసినాను. అద్దాలే లేకపోతే తీసేదేముంది, మా అక్కకేం కాదు అనుకున్నాను. అక్క పోయిందని ఆయన నాకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"నొప్పి ఉందని ముందుగా మీతో ఏమన్నా చెప్పిందా?" అని అడిగినాడు.

"చెప్పింది" అన్నాను.

వీధిలో నలభై మంది కాదు, నలుగురో అయిదుగురో. అది కోత, దానికి పాపం లేదు. అబద్ధం వేరే ఉంది. అక్క నవ్విందని రాసినాను. నవ్వలేదు. తిట్టనూ లేదు. "అంతేలేరా" అనింది. దవడ మీది చెయ్యి దించేసి, ఏదో తప్పు చేసినదాని మాదిరి కొంగు కప్పుకుని మెట్లు దిగి పోయింది.