గుంజుకున్న గాలం

బెండు మునిగితే నాకు ఒళ్లు నిలవదు. నీళ్ల మీద తేలే ఆ చిన్న ముక్క ఒక్కసారి కిందికి పోయిందంటే, గాలం ఎవరి చేతిలో ఉన్నా నా చేతులే ముందుకు పోతాయి. హైదరాబాదులో పెరిగి, ఫోన్లో వీడియోలు చూసి చేపలు పట్టడం నేర్చుకున్నవాణ్ణి. కల్లూరు వచ్చాక ఆదివారాలు కుటుంబాలను, పిల్లలను చెరువులకు తీసుకుపోయి గాలం వేయడం నేర్పిస్తున్నాను. ఓపిక మాత్రం నేనింకా నేర్చుకోలేదు.

ఆ ఆదివారం ఎర్రగుంట్ల నుంచి ఎనిమిదేళ్ల పాప, వాళ్లమ్మ, తాత వచ్చారు. తాత సిమెంటు లారీలు నడిపి నడిపి మానుకున్న మనిషి. తన చేత్తో ఒక్క చేపైనా పడతానని పాప క్లాసులో అందరికీ చెప్పి వచ్చిందట. ఎండ ముదరకముందే, పది గంటలకు బయలుదేరాలని వాళ్లమ్మ ముందే షరతు పెట్టింది.

తొమ్మిదికి బెండు మునిగింది. పాప నోరు తెరుచుకుని చూస్తోంది. నేను ఒక చేత్తో వీడియో తీస్తూనే లాగమని అరిచి, రెండో చేత్తో గాలం గుంజుకున్నాను. దారం తెగింది. చేప పోయింది. పైగా ఆలస్యం చేశావని పాపనే కసిరాను. ఏడవలేదు. లేచి పోయి తాత పక్కన కూర్చుంది. ఏడ్చినా బాగుండేది.

ఆన్‌లైన్లో తెప్పించిన నా రబ్బరు ఎరలను తాత వేలితో కదిపి చూసి, ఇవి మన చేపలకు యాడ తెలుస్తాయని నవ్వాడు. క్యారియరు విప్పి, తినడానికి తెచ్చుకున్న రాగి సంగటిలోంచి కొంత తీసి పాప చేత ఎరకు చిన్న చిన్న ఉండలు చేయించాడు. నేను కొత్త దారం, ముల్లు కట్టి ఇస్తే పాప అందుకోలేదు.

"అన్నా, మళ్లా గుంజుకుంటావా?"

"గుంజుకోను."

"అట్లయితే చేతులు కట్టుకో."

ఫోను తాతకిచ్చి, బళ్లో కూర్చున్నట్టు చేతులు కట్టుకుని కూర్చున్నాను. పాప ముల్లుకు సంగటి ఉండ గుచ్చి గాలం వేసింది.

పదికి పది నిమిషాలు ఉంది. వాళ్లమ్మ సంచీ సర్దుతోంది. బెండు వణికింది. ఆగింది. మళ్లీ వణికి, బుడుక్కున మునిగింది. నా చేతులు లేచాయి.

"ఏమప్పా, చేప పట్టేది నువ్వా, నా మనవరాలా? రొంత ఓర్చుకో," అన్నాడు తాత.

చేతులు చంకల్లో దూర్చుకున్నాను. పాప కాళ్లు బురదలో తన్నిపెట్టి వెనక్కి వాలింది. గాలం కట్టె వంగిపోయింది. నీళ్లు చిమ్మాయి. జానెడు బొచ్చె చేప ఒకటి ఎగిరొచ్చి గట్టు మీద పడి టపటపా కొట్టుకుంది. అందరికంటే ఎక్కువ గంతులేసింది నేనే, చేతులు చంకల్లోనే పెట్టుకుని.

పాప చేపను రెండు చేతులా ఒడిసిపట్టి నా ముందుకు వచ్చింది. "ఇంక చేతులు తియ్యన్నా. ఫోటో తీయల్ల."

తాత దగ్గర ఫోను లాక్కున్నాను. గబగబా నొక్కేసరికి మొదటి రెండు ఫోటోలూ చెదిరిపోయాయి.

"తొందరపడాకన్నా," అంది పాప.