ఆంటీ చూసి సరే అనాలి

కర్రీ పాయింట్ ఆంటీ పోయారన్న కబురు నాకు ఆర్డర్ల గ్రూపులో తెలిసింది. సోమవారం పొద్దున ఆఫీసు పార్కింగ్‌లో కారు ఆపి ఫోన్ చూస్తే వాళ్ళమ్మాయి పెట్టిన మెసేజ్ ఉంది. "నిన్న హార్ట్ ఎటాక్‌తో అమ్మ పోయింది. ఈ వారం ఆర్డర్స్ అన్నీ క్యాన్సిల్ చేస్తున్నాను. సారీ." కింద వరసగా దండాల బొమ్మలు. నేనూ ఒకటి పెట్టి లోపలికి వెళ్ళాను. మీటింగ్‌లో కూర్చున్నాక గుర్తొచ్చింది, ఆవిడ చెప్పిన పని ఒకటి అయిదు నెలలుగా నా దగ్గర అలాగే పడి ఉందని.

టెక్సస్‌లో మా ఊరు ప్లేనోలో ఇండియన్ గ్రోసరీ పక్కన ఆవిడది చిన్న కొట్టు. రోజూ మూడు కూరలు, ఒక పప్పు, ఒక పచ్చడి. ఆర్డర్లు ఫోన్‌లో వచ్చేవి. వాటిని పాత బిల్లుల వెనక రాసుకునేవారు. సాయంత్రానికి ఎవరి దొండకాయ ఎవరింటికి చేరిందో దేవుడికే ఎరుక. ఒకసారి నా బెండకాయ వేపుడు ఇంకెవరో తినేశారు. ఆ ఉక్రోషంతో రెండు మూడు వారాలు శనాదివారాలు కూర్చుని ఒక యాప్ రాశాను. ఎవరు ఏం అడిగారో, ఎన్నింటికి వచ్చి తీసుకెళ్తారో ఫోన్‌లో చూపిస్తుంది, అంతే.

"ఎంతివ్వమంటావు బాబూ?" అన్నారు ఆంటీ.

నాది హెచ్-వన్ వీసా. ఉద్యోగం కాకుండా బయట పని చేసి డబ్బు తీసుకోకూడదు. అందుకని కోడ్ మొత్తం ఇంటర్నెట్‌లో పెట్టేశానని, ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చని, దాన్ని ఓపెన్ సోర్స్ అంటారని చెప్పాను. ఏదో గొప్ప త్యాగం చేసినట్టే చెప్పి ఉంటాను. ఆవిడకు అందులో వింతేమీ కనపడలేదు. గుత్తి వంకాయ ఎలా చేస్తారని అడిగినవాళ్ళందరికీ పొడి కొలతలతో సహా చెప్పే మనిషి ఆవిడ. "చెప్తే నా కూరేమన్నా చేదెక్కుతుందా?" అనేవారు.

ఏదైనా తేడా వస్తే ఫోన్ చేయకుండా ఆ కోడ్ ఉన్న పేజీలోనే ఫిర్యాదు రాయమన్నాను. ఫోన్లు తప్పించుకోవడానికే అన్నాను, దాచడమెందుకు. ఆవిడ నా మాట నిజంగానే పట్టుకున్నారు. ఒక చేత గరిటె, ఒక చేత ఫోన్ పట్టుకుని, మైకు నొక్కి తెలుగులో చెప్పేవారు. ఫోన్ రాసుకునేది. ప్రపంచంలో ఏ ఇంజనీరైనా తెరిచి చూడగల పేజీలో ఆవిడ ఫిర్యాదులన్నీ "బాబూ, తిన్నావా" అని మొదలయ్యేవి. ఎక్కడో రొట్టెలు చేసి అమ్ముకునే ఆయనెవరో అదే యాప్ వాడుతూ, ఆవిడ రాసినదాన్ని మెషీన్‌తో అనువాదం చేసుకుని, తనకూ అదే ఇబ్బంది అని కింద రాశాడు. ఆంటీ వారం రోజులు కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ అది చూపించారు.

మార్చిలో గడియారాలు గంట ముందుకు జరిపే ఆదివారం నా యాప్ నా పరువు తీసింది. ముందుగా పెట్టిన ఆర్డర్లన్నీ గంట ఆలస్యంగా చూపించింది. జనం పదకొండుకి వచ్చి నిలబడ్డారు. ఆంటీ ఫోన్‌లో వాళ్ళు పన్నెండుకి రావాలి. ఆవిడ అందరికీ మజ్జిగ ఇచ్చి, "నాదే పొరపాటు, కాసేపు కూర్చోండి" అన్నారట. నా పేరు ఎత్తలేదు. సాయంత్రం పేజీలో మాత్రం రాశారు. "బాబూ, తిన్నావా. ఇవాళ గంట పోయింది. ఎక్కడ పెట్టావో చూడు."

ఆ రాత్రికి సరిచేసి, పని అయిపోయిందన్న గుర్తుగా పేజీలో ఆ ఫిర్యాదు మూసేశాను. మర్నాడు చూస్తే మళ్ళీ తెరిచి ఉంది. కొట్టుకి వెళ్తే ఆవిడ నా ముందు స్పూనుతో కొంచెం పప్పు పెట్టారు. "వండిన చేతికి ఉప్పు తెలీదు బాబూ. అందుకే పొద్దున మొదట వచ్చినవాళ్ళకి రుచి చూపిస్తాను. నువ్వు బాగు చేశానంటే సరిపోదు. నేను చూసి సరే అనాలి, అప్పుడు నేనే మూస్తాను." అప్పట్నించి అదే పద్ధతి. ఆఫీసులో కూడా నేను అదే పాటిస్తున్నాను. ఎవరు నేర్పారని అక్కడెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇక ఆ మిగిలిపోయిన పని. ఆర్డరు పెట్టి రానివాళ్ళ పేర్లు ఎర్రగా కనిపించేలా చేయమని ఆవిడే అడిగారు, చేశాను. చివరి ఫిర్యాదు దాని మీదే. "బాబూ, తిన్నావా. ఒకసారి రాలేదని ఆ పేరు ఎప్పటికీ ఎర్రగానే ఉంటోంది. ఆ మనిషి ఎదురుగా నిలబడి నవ్వుతుంటే నాకేం బాలేదు. తిరిగొచ్చినవాళ్ళని మామూలుగా చూపించు." వీలు చూసుకుని చేస్తానని రాశాను. వీలు చూసుకోలేదు. ఆవిడ మళ్ళీ గుర్తు చేయలేదు.

ఆవిడ పోయే ముందు శుక్రవారం నేను గోంగూర పప్పు ఆర్డరు పెట్టి, ఆఫీసు కాల్‌లో ఇరుక్కుని వెళ్ళలేదు. ఫోన్ చేసి చెప్పనూ లేదు. ఆంటీయే కదా అనుకున్నాను.

కబురు తెలిసిన రాత్రి కూర్చుంటే, ఆంటీ చెప్పిన మార్పు చేయడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. నాకు చాలా సిగ్గేసింది.

నెల తర్వాత వాళ్ళమ్మాయి శనివారాల్లో కొట్టు తెరవడం మొదలుపెట్టింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, కాలేజీలో చదువుతోంది. గోంగూర పప్పే ఆర్డరు పెట్టి, చెప్పిన టైముకి పది నిమిషాల ముందే వెళ్ళాను. కౌంటరు మీద ఆంటీ ఫోనే ఉంది. అందులో నా పేరు ఎర్రగా ఉంది. అమ్మాయి ప్యాకెట్ నా చేతికిచ్చి, ఇచ్చినట్టు నొక్కింది. పేరు నల్లగా మారింది.

"ఓ, వర్క్ అవుతుంది అన్నా! ఇది అమ్మ అడిగిందే కదా? అమ్మ అకౌంట్ దీంట్లోనే ఉంది, ఆ కంప్లైంట్ నేను క్లోజ్ చేసేయనా?"

"వద్దమ్మా," అన్నాను.

ఆ అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి, లోపలికి వెళ్ళి స్పూనుతో పప్పు తెచ్చింది. "మీరే ఫస్ట్ ఇవాళ. సాల్ట్ చూడండి. నిజం చెప్పండి, ఓకేనా?"

కొంచెం తగ్గిందని చెప్పాను. తల ఊపి లోపలికి వెళ్ళింది.

కారులో కూర్చుని ఆంటీ చివరి ఫిర్యాదు కింద "చేశాను ఆంటీ, చూడండి" అని రాశాను. ఆ పేజీలో ఆవిడ పెట్టినవన్నీ ఆవిడ చేత్తోనే మూతపడి ఉన్నాయి. ఒక్కటి మాత్రం తెరిచి ఉంది. అది "బాబూ, తిన్నావా" అని మొదలవుతుంది.