మర్యాద ముదిరిన ఉత్తరాలు

మొన్న కాల్గరీలో మా ఆఫీసు లంచ్ రూములో, నెల్లూరు నుంచి వచ్చిన ఒక సహోద్యోగి తన ఫోను తెచ్చి నా ముందు పెట్టాడు. "చూడండి మేడమ్, ఇన్నాళ్లకి మా మేనేజరు నాకు రెస్పెక్ట్ ఇచ్చాడు. ఎప్పుడూ హాయ్ అని ఒక్క ముక్క కొట్టేవాడు. ఈసారి మిస్టర్ అని మొదలుపెట్టి, కింద పూర్తి పేరుతో సైన్ చేశాడు" అన్నాడు. చదివాను. రెజ్యూమె సిద్ధం చేసుకోమన్నాను. అతను ముఖం ముడుచుకుని, "మీరెప్పుడూ ఇంతే మేడమ్, అన్నీ నెగెటివ్‌గానే చూస్తారు" అంటూ పెరుగన్నం డబ్బా మూసుకుని వెళ్లిపోయాడు. మర్యాద చూసి మోసపోయేవాళ్లు నాకు కొత్త కాదు. పేరున్న ఒక ప్రొఫెసరే మోసపోయాడు. ఆయన కళ్లు తెరిపించింది నేను. ఆ సంగతి ఆయన పుస్తకంలో లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు నేను కెనడాలోనే, ఒంటారియోలోని లండన్ అనే ఊళ్లో ఉండేదాన్ని. మన పిల్లలు విమానాలు నింపుకుని వస్తున్న కాలం. పొద్దున్నే బస్సెక్కితే వెనక సీట్లన్నీ తెలుగే. ఖమ్మంలో పదిహేనేళ్లు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి, నలభై ఒకటో ఏట నేనూ స్టడీ పర్మిట్ మీద దిగాను. పాత కాగితాలు భద్రపరిచే పనిలో డిప్లొమా. అద్దెకు తీసుకున్న బేస్‌మెంటులో నాతో ఉన్న ఇద్దరమ్మాయిలకూ ఇరవై రెండేళ్లు. ఒకమ్మాయిది కరీంనగర్, ఒకమ్మాయిది గుంటూరు. మొదటి రోజే ఇద్దరూ నన్ను "ఆంటీ" అన్నారు. అక్క అనడానికి వాళ్లకేం అడ్డొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

కాలేజీ నోటీసు బోర్డు చూసి నేను చేరిన పార్ట్‌టైమ్ కొలువు ఆ ప్రొఫెసరు గారి దగ్గర. రిటైరైన మనిషి, ఎనభైకి దగ్గర పడ్డాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఒక బ్రిటిష్ సేనాపతికీ, లండన్‌లో, అంటే అసలు లండన్‌లో, కుర్చీలో కూర్చున్న ఒక మంత్రికీ మధ్య నడిచిన ఉత్తరాల మీద పుస్తకం రాస్తున్నాడు. సేనాపతి మనవరాలు పెళ్లి చేసుకుని మా ఊళ్లోనే స్థిరపడింది. తాతకు వచ్చిన ఉత్తరాలూ, తాత పంపినవాటి నకళ్లూ నాలుగు పెట్టెల్లో ఆయనకు అప్పగించింది. వాటిని విప్పి, స్కాన్ చేసి, టైపు చేయడం నా పని. నా బల్ల హీటరుకు దూరంగా, తలుపు పక్కన ఉండేది. తలుపు తెరిచినప్పుడల్లా మంచుగాలి నా మెడ మీదికే వచ్చేది. బల్ల జరపమని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ "తప్పకుండా" అన్నాడు.

ఉత్తరాలు మాత్రం బంగారం. మొదటి రెండేళ్లూ ఆ ఇద్దరూ ఒకరినొకరు చెడతిట్టుకున్నారు. నువ్వు పటం మీద వేలు జరిపి యుద్ధం చేస్తావు, నేను కాళ్లతో చేయాలి, కాస్త సిగ్గుపడు అని సేనాపతి రాస్తాడు. ట్యాంకులు అడగడం తప్ప నీకు ఇంకో విద్య రాదురా ముసలి కంచరగాడిదా అని మంత్రి జవాబు. తర్వాత ఉన్నట్టుండి గాలి మారింది. పేరు పోయి "సర్" వచ్చింది. ప్రతి కోరికా సవినయ మనవి అయింది. చివర "తమ విధేయ సేవకుడిగా ఉండే గౌరవం పొందుతున్నాను" అన్న పొడుగాటి తోక. మూడు నెలలు అలా నడిచాక, ఆరోగ్యం బాగాలేదన్న కారణం చెప్పి సేనాపతిని పదవి నుంచి తప్పించారు. ప్రొఫెసరు గారు ఇది చదివి, కొట్టుకున్న ఇద్దరూ చివరికి కలిసిపోయారనీ, అలసిన మిత్రుణ్ని మంత్రి గౌరవంగా ఇంటికి పంపాడనీ తేల్చాడు. ఆ అధ్యాయానికి "సయోధ్య" అని పేరు కూడా పెట్టాడు.

అది టైపు చేస్తూ నేను గట్టిగా నవ్వాను. నాకు మా మేనత్త గుర్తొచ్చింది. ఆవిడకు మామయ్య మీద ప్రేమ ఉన్నంతసేపూ "ఏం మనిషివయ్యా నువ్వు, బుద్ధుందా?" అనేది. నిజంగా కోపం వచ్చిందంటే గొంతు తగ్గేది. "తమరు భోజనానికి దయచేస్తారా?" అనేది. ఆ మాట వినగానే మామయ్య చెప్పులేసుకుని హోటలుకు వెళ్లి ఇడ్లీ తినొచ్చేవాడు. ఇంగ్లీషులో నువ్వు, మీరు, తమరు అన్నిటికీ ఒకటే మాట. ఆ తేడా అంతా వాళ్లు పైన పిలుపులోనూ, కింద సంతకం దగ్గరా పెట్టుకుంటారు. ఇవి రాజీ ఉత్తరాలు కావు, మొహాలు చూసుకోవడం మానేసిన ఉత్తరాలు, మంత్రి ఆయన్ని గెంటేశాడు అని చెప్పాను. మేనత్త సంగతీ చెప్పాను.

ప్రొఫెసరు గారు చిరునవ్వు నవ్వాడు. "మీ సంస్కృతిలో అలా ఉండొచ్చు డియర్. వీళ్లు పెద్దమనుషులు" అన్నాడు.

అంటే మా మేనత్త పెద్దమనిషి కాదు.

నేను ఊరుకునే రకం కాదు. తర్వాతి వారం సేనాపతి మనవరాలు ఇంకేవో ఫోటోలు ఇవ్వడానికి వచ్చింది. డెబ్బై దాటిన ఆవిడ. ప్రొఫెసరు గారు వింటూండగానే అడిగాను. "అమ్మా, మీ తాతగారు ఎవరితో బాగా మర్యాదగా మాట్లాడేవారు?"

ఆవిడ ఆలోచించను కూడా లేదు. "తోటమాలిని పనిలోంచి తీసేసిన రోజు అతనితో. ఆ రోజు మేం పిల్లలం బల్ల కింద దాక్కున్నాం" అంది. ఇంకొక మాట కూడా చెప్పింది. ఆ మంత్రి పేరు వాళ్లింట్లో అన్నం దగ్గర ఎత్తకూడదట.

ప్రొఫెసరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. రెండు వారాల తర్వాత నా బల్ల మీదికి కొత్త అధ్యాయం వచ్చింది. పేరు "తెగతెంపులు". పిలుపుల గురించీ, సంతకాల గురించీ పన్నెండు పేజీలు. నేను చెప్పిందే, ఆయన ఇంగ్లీషులో.

నాకు కావలసింది ఒక్కటే. ఈ మాట మొదట ఫలానా ఆమె అంది అని, నా పేరుతో ఒక్క వాక్యం. అడిగాను కూడా. "తప్పకుండా" అన్నాడు. పుస్తకం వచ్చింది. నిలబడే తిరగేశాను. ఆ అధ్యాయంలో "ఏళ్ల తరబడి ఈ ఉత్తరాలతో గడిపాక నాకు స్ఫురించింది" అని ఉంది. కృతజ్ఞతల పేజీలో పిల్లిని కూడా తలుచుకున్నాడు, పేరుతో సహా. ఆఖరి వరసలో "టైపింగ్‌లో సాయపడిన భారతీయ విద్యార్థినికి" అని ఉంది. ఆ ఉత్తరాల్లో సేనాపతి అడిగిన సరుకుల జాబితాలు నేనే టైపు చేశాను. గుడారాలు, కంచరగాడిదలు, భారతీయ పటాలాలు రెండు. తిట్టుకున్నా, మర్యాద చేసుకున్నా, ఆ ఇద్దరిలో ఒక్కరూ ఒక్క సిపాయి పేరు రాయలేదు. ఆ అలవాటు ఎక్కడికీ పోలేదని ఆ పేజీ చూశాక తెలిసింది.

కరీంనగర్ అమ్మాయి సర్దిచెప్పబోయింది. "ఆంటీ, గాయన బుక్కు, గాయన ఇష్టం. మీకెందుకు లొల్లి? రేపు రిఫరెన్స్ లెటర్ గావాలంటే ఎట్ల?"

"నాకొద్దు" అన్నాను.

"గట్లంటే ఈడ ఎప్పటికీ ఉండనీకి పీఆర్ వస్తదా?"

"నా పేరు లేని చోట పీఆర్ ఉండి ఏం లాభం?" అన్నాను. ఆ పిల్ల గుంటూరు పిల్ల వైపు చూసింది. ఇద్దరూ నవ్వు ఆపుకున్నారు. అదీ నాకు గుర్తుంది.

ప్రొఫెసరు గారికి ఉత్తరం రాశాను. ఒక్క తిట్టు లేదు. "సర్" అని మొదలుపెట్టి, విధేయ సేవకురాలి తోకతో ముగించాను. అర్థం కాకపోతే తన పుస్తకం తానే చూసుకుంటాడు. వారంలో జవాబొచ్చింది. అంతకు ముందు "డియర్" తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి "మేడమ్" అన్నాడు. నా లేఖ అందినందుకు గౌరవం పొందుతున్నాడట. తదుపరి ముద్రణలో పరిశీలిస్తాడట. నేను మళ్లీ రాశాను. ఎడ్మంటన్‌కు మారాక అక్కడి నుంచి, తర్వాత కాల్గరీ నుంచి రాశాను. మొత్తం పదకొండు. ప్రతిదానికీ జవాబు ఇచ్చాడు. ప్రతి జవాబూ అంతకు ముందుదాని కంటే మర్యాదగా ఉంది. రెండో ముద్రణ వచ్చింది. ఒక్క అక్షరం మారలేదు. ఆ చలికాలంలోనే ఆయన పోయాడు.

ఆయన కాగితాలన్నీ ఆయన ఊరి లైబ్రరీకి చేరాయని తెలిసి ఫోను చేశాను. నా ఉత్తరాలు ఉన్నాయా, పారేశాడా అని అడిగాను. లైబ్రరీ ఆవిడ చూసి చెప్పింది. అన్నీ తేదీల వారీగా ఒక ఫోల్డరులో ఉన్నాయట, ఆయన జవాబుల నకళ్లతో సహా. ఫోల్డరు మీద ఆయన చేతి రాతలో నా పేరు ఉందట. ఆవిడ ఒక్కొక్క అక్షరమూ చదివింది. ఇంటిపేరు, నా పేరు, ఏదీ తప్పు పోలేదు.

ఆ మాట విని నేను మెత్తబడతానని ఆవిడ అనుకున్నట్టుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత సరిగ్గా రాయడం వచ్చిన మనిషి ఆ ఒక్క వాక్యం ఎందుకు రాయలేదు? ఎప్పుడో ఒకరోజు ఎవరో ఆ పెట్టె విప్పుతారు. వాళ్లకు మర్యాద చదవడం వస్తే చాలు. కాలానికి న్యాయం తెలుసని నేను అనుకోను, దానికి ఉన్నదల్లా ఓపిక. ఆ ఓపిక నాకూ ఉంది.