ఉరిమితే రేడియో విప్పేసే పీర్ సాహెబ్

నరసరావుపేటలో ఎక్కడ ఉరిమినా హనుమయ్య కాఫీ హోటల్లో రేడియో ఆగిపోయేది. ఆపేది కరెంటు కంపెనీ కాదు, జట్కా పీర్ సాహెబ్. ఆకాశం కాస్త గొంతు సవరించుకుంటే చాలు, బండి ఉన్నచోట వదిలేసి పరుగెత్తుకొచ్చి, ప్లగ్గు ఊడబీకి, ఏరియల్ తీగ విడదీసి, "విప్పేశా!" అని చెమట తుడుచుకునేవాడు.

"ఏంది సాయిబూ విప్పేది? అదేమన్నా గుర్రమా?" అని హనుమయ్య మండిపడేవాడు.

"కరెంటుదీ గుర్రం బుద్ధేనయ్యా! పిడుగు పడితే బెదిరి తీగలో ఒకటే పరుగు. బెదిరిన గుర్రానికి బండి కట్టుంటే ఏమవుద్ది? ముక్కలవుద్ది. అందుకే ముందే విప్పాల."

అసలే యుద్ధకాలం. రేడియో మాడిందంటే దాని సామాను మద్రాసులో కూడా దొరకదు. ఆ సంగతి హనుమయ్యకూ తెలుసు. కానీ పీర్ సాహెబ్ చెవులకు ఉరుముకూ తక్కిన చప్పుళ్లకూ తేడా లేదే! వీధిలో కిరసనాయిలు పీపాలు దొర్లించినా విప్పేశాడు. పెళ్లివారు ఔట్లు కాల్చినా విప్పేశాడు. ఒకనాడు మిట్టమధ్యాహ్నం పక్కింటి రామాయమ్మ అటకమీంచి గంగాళం జారవిడిస్తే, వార్తల మధ్యలో విప్పేశాడు. రష్యావాళ్లు ముందుకెళ్లారో వెనక్కెళ్లారో తేలక, కాఫీ తాగేవాళ్లు రెండు జట్లై కొట్టుకున్నంత పనిచేశారు.

ఇలా ఉండగా వకీలు నాగభూషణరావుగారు, "శనివారం మీ రేడియోలో కచేరీ వింటానోయ్. బాగుంటే మా వకీళ్లందరినీ ఇక్కడికే తీసుకొస్తా" అన్నారు. హనుమయ్యకు కాళ్లు నేలమీద ఆనలేదు. తీరా శనివారం సాయంత్రం పడమట మబ్బు పట్టింది. హనుమయ్య బుర్ర గోక్కుని, వినుకొండ వెళ్లాల్సిన అత్తగారు నాగేంద్రమ్మను పీర్ సాహెబ్ బండెక్కించి స్టేషనుకు సాగనంపాడు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు!

కచేరీ మంచి పట్టులో ఉంది. వకీలుగారు తొడమీద తాళం వేస్తున్నారు. ఉరిమింది. హనుమయ్య నిశ్చింతగా నవ్వుకున్నాడు. అంతలో వీధిలో గిట్టల చప్పుడు! పీర్ సాహెబ్ నీళ్లోడుతూ లోపలికి దూకి, ప్లగ్గు పీకి, "విప్పేశా!" అన్నాడు. బయట బండిలో నాగేంద్రమ్మ, ముద్దగా తడిసి, ఒళ్లో పెట్టెతో కూర్చుని ఉంది.

"నీ అసాధ్యం కూలా! మా అత్తగారి రైలో?"

"రైలు రేపూ వచ్చుద్దయ్యా."

హనుమయ్య చెయ్యెత్తేలోగా ఊరదిరేలా పిడుగు పడింది. హోటల్లో బల్బులు భగ్గున వెలిగి టప్పుమని పేలాయి. ఎదురు మిల్లులో మోటారు కాలి పొగలు కక్కింది. రేడియో మాత్రం చెక్కుచెదరలేదు.

లాంతరు వెలిగించి హనుమయ్య అడిగాడు: "పాట వినవు, వార్తలు వినవు. దీనిమీద నీకింత ప్రాణమేంది సాయిబూ?"

పీర్ సాహెబ్ తడిసిన చొక్కా అంచు పిండుకోసాగాడు. ఈలోగా పెరటిదారిన వస్తున్న నాగేంద్రమ్మ కేకేసింది. "నాయనా, కిటికీ కింద ఎవరో బురఖామనిషి తడస్తా నిలబడుంది. రేడియో మాడిపోయిందా అని అడగతా ఉంది!"

"మా వీధి సైదాబీ అయ్యా" అన్నాడు పీర్ సాహెబ్ తలొంచుకుని. "కొడుకు బర్మా పటాలంలో ఉన్నాడు. కబురు లేక చానా నాళ్లయింది. గోషామనిషి, హోటల్లోకి రాలేదు. రోజూ ఆడ నిలబడి బర్మా వార్తలు వింటా ఉంటది. ఇది కూడా పోతే ఆమెకింకేం ఉందయ్యా?"

హనుమయ్యకు సిగ్గేసింది. పీర్ సాహెబ్‌మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. పైకి మాత్రం, "తల తుడుచుకో, జలుబు చేసుద్ది" అని కాఫీ చేతికిచ్చాడు.

కరెంటు మళ్లీ వచ్చిననాడు కిటికీ కింద ఓ పీట పడింది. రేడియో మొహం పెరటివైపు తిరిగింది.

"ఏమయ్యా హనుమయ్యా, రేడియో మాకు వీపు పెట్టిందేం?" అన్నారు వకీలుగారు.

"కాఫీ మీవైపే పెట్టాగదండీ, తాగండి" అన్నాడు హనుమయ్య.